“వాళ్ళని చూసి నేర్చుకో” అంటే ఎందుకు నేర్చుకోలేం?

మా వీధిలో అప్పడాలు వత్తే పిన్ని ఒకావిడ ఉంది. బరంపురం అప్పడాలకీ పచ్చళ్ళకీ ఒడిశా అంతటా పేరుంది కాబట్టి ఆవిడ చేతికి వానాకాలం తప్ప ఏడాది పొడుగునా పనే. పుట్టిల్లు సోంపేట, మెట్టినిల్లు బరంపురం. ఒడియా గడగడా మాట్లాడుతుంది, బేరంలో తిట్టడం కూడా ఒడియాలోనే. చదవడం మాత్రం ఒక్క అక్షరం రాదు. కొట్టువాళ్ళు పంపే చీటీలు చదివిపెట్టడానికి మనవరాలు బడినుంచి వచ్చేదాకా కాచుకోవాల్సి వస్తోందని, యాభై ఎనిమిదో ఏట ఆ పిల్ల ఒకటో తరగతి పుస్తకమే ముందేసుకుని కూర్చుంది.

ఒడియా లిపిలో ‘మ’, ‘స’ దాదాపు కవలపిల్లలు. చిన్న గీతే తేడా. ఒకరోజు సాయంత్రం గడప మీద కూర్చుని, చీటీ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, “స... మ... లా... పాంపడ” అని కూడబలుక్కుంటోంది. అక్కడ రాసింది ‘మసలా’. నాకు నవ్వాగలేదు. ఆవిడ చీటీ మీంచి కళ్ళు కూడా ఎత్తకుండా అంది: “నవ్వమ్మా, నవ్వు. నాకు ఒడియా సదవడం రాదు, సరే. నీకు తెలుగు సదవడం వొచ్చేటి?”

రాదు. ఇక్కడి తెలుగు ఇళ్ళలో ఇది వింతేం కాదు. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో ఒడియా చదువుతాం, బ్యాంకులో ఇంగ్లీషులో సంతకం పెడతాం. నేను బడాబజారులో ఒక బట్టల కొట్లో లెక్కలు రాస్తాను, అదీ ఒడియాలోనే. అమ్మ రాసిన పాత ఉత్తరాలు ఇంకొకరి చేత చదివించుకుని విన్నదాన్ని. పిన్ని ఆ మాట అన్న నాలుగో రోజు ఇచ్ఛాపురం వెళ్ళిన మా తమ్ముడి చేత అక్షరాల పుస్తకం తెప్పించాను. అప్పటికి నాకు ముప్ఫై ఆరు నిండాయి.

దీని గురించి తరవాత చాలా ఆలోచించాను. గొప్పవాళ్ళ కథలకి నాకు కరువేం లేదు. 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్ బరువులెత్తే పోటీలో కరణం మల్లీశ్వరి కంచు పతకం గెలిచినప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఆవిడది ఆమదాలవలస, మాకు రైలెక్కితే ఒక పూట ప్రయాణం. స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. ఇంట్లో అందరం చప్పట్లు కొట్టాం, మా నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. మర్నాడు పొద్దున్న లేచి నేనేం చేశాను? ఎప్పటిలాగే ఆలస్యంగా బడికి పోయాను. దేశాన్ని ఊపేసిన విజయం నన్ను కదపలేదు. చీటీ తప్పు చదివిన ముసలావిడ కదిపింది. తిరకాసు ఎక్కడుంది?

మొదటి చిక్కు ‘ప్రేరణ’ అనే మాటలోనే ఉందని నాకనిపిస్తుంది. ఒళ్ళు గగుర్పొడిస్తే ప్రేరణ అంటాం, చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించినా అదే అంటాం. సిగ్గేసినా, లోపల కాస్త మంట పుట్టినా అదే మాట. టాడ్ థ్రాష్, ఆండ్రూ ఎలియట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2004లో దీన్ని రెండు పాయలుగా విడదీశారు. ఒకదాన్ని చూసి లోపల చలించడం ఒక పాయ. ఆ చలనంతో ఏదో ఒకటి చెయ్యడానికి పూనుకోవడం రెండోది. మొదటిది కలిగినంత మాత్రాన రెండోది వస్తుందని లేదు. ఫోన్‌లో రోజూ మనం చూసే వీడియోల్లో ముప్పాతిక మొదటి పాయ దగ్గరే ఆగిపోయేవే. గుండె బరువెక్కుతుంది, వేలు పైకి జరుపుతుంది, ఇంకో వీడియో వస్తుంది.

రెండో పాయ ఎప్పుడు వస్తుందో చెప్పే ప్రయోగం ఒకటి నాకు బాగా నచ్చింది. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో పెనెలోపి లాక్‌వుడ్, జివా కుండా 1997లో ప్రచురించారు. అకౌంటింగ్ చదివే పిల్లలకి, అదే కోర్సు నాలుగో ఏడు చదువుతున్న ఒక మెరికలాంటి విద్యార్థి గురించిన కథనం ఇచ్చి చదివించారు. మొదటి ఏడు పిల్లలకి తమ మీద తమకి నమ్మకం పెరిగింది, తామూ అలా కాగలం అనుకున్నారు. నాలుగో ఏడు పిల్లలకి ఆ ఊపు రాలేదు. కథనం ఒకటే, మెరిక ఒక్కరే. తేడా అంతా చదివేవాళ్ళకి మిగిలున్న సమయంలో ఉంది. మొదటి ఏడు వాళ్ళకి ముందు దారి ఉంది. నాలుగో ఏడు వాళ్ళకి బండి స్టేషను దాటిపోయింది.

అంటే ఎదుటివాళ్ళు ఎంత గొప్పవాళ్ళన్నది కాసేపు పక్కన పెట్టి, వాళ్ళున్న చోటికి మనకి దారి కనబడుతోందా అని చూడాలన్నమాట. తొమ్మిదో తరగతి చదివే బక్కపిల్లకి 130 కిలోల బరువు దగ్గరికి దారేదీ కనబడలేదు. యాభై ఎనిమిదేళ్ళ పిన్ని ఉన్న చోటికి ముప్ఫై ఆరేళ్ళదానికి దారి ఎంత సులువుగా కనబడిందంటే, వెళ్ళకపోతే తప్పు నాదే అనిపించేంత.

ఇంకో సంగతి. పిన్ని చేసిన పని నేను చెయ్యలేదు. ఆవిడ నేర్చుకున్నది ఒడియా అక్షరాలు, నేను నేర్చుకున్నది తెలుగువి. ఆవిడ దగ్గర్నుంచి నాకు వచ్చింది పని తీరు: అందరూ వచ్చేపోయే గడప మీద కూర్చుని, తప్పు చదువుతూ, నవ్వించుకుంటూ కూడా మానకపోవడం. ఒకరి ప్రతిభ ఇంకొకరికి అంటుకోదు. తీరు మాత్రం పనులు మారినా అంటుకుంటుంది.

రెండో చిక్కు ప్రతిభ గురించి మనం మాట్లాడుకునే భాషలో ఉంది. ఎవరైనా బాగా పాడితే “సరస్వతి నాలుక మీదుంది” అంటాం, బాగా గీస్తే “దేవుడిచ్చిన వరం” అంటాం. మెచ్చుకోలే, కాదనను. కానీ ఆ మాట అనడంతోటే మన పూచీ తీరిపోతుంది. ఆయనకి దేవుడిచ్చాడు, మనకివ్వలేదు, పోయి టీ తాగుదాం. నిజానికి మన భాషలోనే దీనికి విరుగుడు మాట ఉంది: ‘చెయ్యి తిరగడం’. చెయ్యి తిరిగిన వంటవాడు, చెయ్యి తిరిగిన నేతగాడు. ఎన్నిసార్లు తిప్పితే తిరిగిందో ఆ మాటలోనే వినబడుతుంది.

చెయ్యి తిరగడమే గొప్పదని పైకి ఒప్పుకునేవాళ్ళు కూడా లోలోపల వరం వైపే మొగ్గుతారని 2011లో చియా-జంగ్ త్సాయ్, మన సికింద్రాబాదులో పెరిగిన మహజరీన్ బనాజీ కలిసి చూపించారు. సంగీతం తెలిసినవాళ్ళకి పియానో ముక్కలు రెండు వినిపించి, ఒకటి పుట్టుకతో విద్వత్తు ఉన్నవాళ్ళు వాయించింది, ఇంకొకటి సాధనతో పైకొచ్చినవాళ్ళది అని చెప్పారు. రెండూ వాయించింది ఒక్కరే. అడిగితే సాధనే ముఖ్యం అన్నవాళ్ళు మార్కుల దగ్గరికి వచ్చేసరికి పుట్టు ప్రతిభ అనుకున్న ముక్కకే ఎక్కువ వేశారు.

ఈ వరం మత్తు ఎలా దిగుతుంది? పని మధ్యలో చూస్తే దిగుతుంది. మా ఊళ్ళో దానికి డేరా వీధి ఉంది. బరంపురం పట్టుచీర నేసే తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్న వీధి. రెండేళ్ళకోసారి వచ్చే ఠాకురాణీ జాతరలో అమ్మవారు పుట్టింటికి వచ్చేది ఈ నేతగాళ్ళ పెద్ద ఇంటికే. కొట్లో అద్దాల బీరువాలో మడతపెట్టిన చీర చూస్తే, ఆ అంచు మీద వరసగా లేచిన గుడిగోపురాల్లాంటి కుంభాలు చూస్తే, ఇది మనుషులు చేసే పనేనా అనిపిస్తుంది. అక్కడే ఆగితే అది వరమే.

ఒకసారి కొట్టు పని మీద వెళ్ళినప్పుడు ఒక ఇంట్లో అచ్చు అతుకుతున్నారు. ఒక పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగుల వరస, నేత అయిపోయాక పాత పోగుల కొసలు అచ్చులోంచి, అంటే పోగులు దూరే దువ్వెనలాంటి చట్రంలోంచి, తీసెయ్యరు. ఆ కొసలకి కొత్త పడుగు పోగులని ఒక్కొక్కటే కలుపుతూ పోతారు. వేల పోగులు. ఇంటి కోడలు మగ్గం ముందు కూర్చుని, వేళ్ళకి బూడిద అద్దుకుని, పాత కొస ఒకటి, కొత్త కొస ఒకటి పట్టుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్క మెలి. తరవాతి పోగు. ఒక మెలి. వెంట్రుక కన్నా సన్నటి పట్టు, నా కంటికి అసలు పోగే ఆనడం లేదు. పావుగంట చూశాను. మధ్యలో ఆగి, కళ్ళు చికిలించి, అయిదారు మెలులు విప్పేసింది. ఎక్కడో ఒక పోగు దాటిపోయిందట. అరవలేదు, నిట్టూర్చలేదు. మళ్ళీ బూడిద, మళ్ళీ మెలి. అవతల గదిలోంచి అత్తగారు “పాలు పొంగుతున్నాయే” అని కేక వేస్తే, “మీరు దించండత్తా, పోగు చేతిలో ఉంది” అంది.

అద్దాల బీరువాలో చీర చూస్తే నాకు దణ్ణం పెట్టాలనిపించింది. విప్పేసిన ఆ అయిదారు మెలులు ఇంటికెళ్ళి నా రాత పుస్తకం తెరిపించాయి. అప్పటికి ఒత్తుల దగ్గర ఇరుక్కుని వారమైంది.

ఇది నా ఒక్కదాని అనుభవమే కాదు. డేల్ షంక్, ఆంటోనెట్ హాన్సన్ 1985లో తీసివేతలు రాక ఇబ్బందిపడే బడిపిల్లలతో ఒక పని చేశారు. కొంతమందికి ఉపాధ్యాయురాలు లెక్క చేసే వీడియో, కొంతమందికి తమ ఈడు పిల్లవాడే చేసే వీడియో చూపించారు. తోటి పిల్లవాణ్ణి చూసినవాళ్ళకే ధైర్యం ఎక్కువ వచ్చింది, లెక్కలూ ఎక్కువ వచ్చాయి. టీచరమ్మకి తీసివేతలు రావడంలో వింతేముంది? వాడికి వచ్చిందంటే నాకూ వస్తుంది.

కాబట్టి గొప్పవాళ్ళ కథ చెప్పినా ఏ ముక్క చెప్తున్నామన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. న్యూయార్క్ బడుల్లో 9, 10 తరగతుల పిల్లలు 402 మందితో షియావ్‌డాంగ్ లిన్-సీగ్లర్ బృందం చేసిన పని 2016లో వెలువడింది. ఐన్‌స్టీన్, మేరీ క్యూరీ, ఫారడేల గురించి కొందరికి వాళ్ళు సాధించినవే చెప్పారు, కొందరికి వాళ్ళు పడిన పాట్లు చెప్పారు. పాట్లు చదివిన పిల్లల సైన్సు మార్కులు మెరుగయ్యాయి, అందులోనూ వెనకబడ్డ పిల్లలవి ఎక్కువగా. ఘనకార్యాలే చదివినవాళ్ళవి పెరగలేదు సరికదా కాస్త తగ్గాయి.

ఇది చదివాక నాకు పర్లాకిమిడి గుర్తొచ్చింది. అక్కడ గిడుగు రామమూర్తి గారి కథ ఎలా చెప్తామో చూడండి. వ్యావహారిక భాషా పితామహుడు, మహామనీషి, ఆగస్టు 29 ఆయన పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. దండ వేస్తాం, ఉపన్యాసం ఇస్తాం, ఇళ్ళకెళ్తాం. అంత ఎత్తున నిలబెట్టాక ఇంక ఆయన వెంట ఎవరు నడవగలరు?

అదే మనిషిని ఇంకోలా చెప్పొచ్చు. 1880లో పర్లాకిమిడి బడిలో పంతులుగా చేరిన కుర్రాడు. చుట్టుపక్కల కొండల్లో సవరలనే గిరిజనులు ఉన్నారు, వాళ్ళ భాషకి పుస్తకం లేదు, నిఘంటువు లేదు, నేర్పే బడి లేదు. తెలుగు తెలిసిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, ఒక్కొక్క మాటా అడిగి రాసుకుంటూ పోయాడు. అడవి జ్వరాలు పడ్డాడు, రాను రాను చెవులు వినబడటం మానేశాయి. ఒక భాష మాటలు రాసుకునే మనిషికి చెవులు పోవడం అంటే ఏమిటో ఒక్క నిమిషం ఆలోచించండి. సవర వ్యాకరణం అచ్చయింది 1931లో. బడిలో చేరిన యాభై ఒకటో ఏడు. నిఘంటువు ఆ తరవాత. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమై పర్లాకిమిడి అందులో చేరితే, డెబ్భై దాటిన వయసులో ఇల్లు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయాడు. వెళ్ళాలా అన్నది వేరే సంగతి. మేం ఉండిపోయినవాళ్ళం, మాకు దాని మీద వేరే అభిప్రాయం ఉంటుంది.

రెండో తీరులో విన్న పిల్లకి ఒక పని దొరుకుతుంది. సాయంత్రం ఇంటికొచ్చిన మనిషిని “దీన్ని మీ భాషలో ఏమంటారు?” అని అడగొచ్చు. రాసుకోవచ్చు.

అయితే పాట్ల కథలకీ ఒక ప్రమాదం ఉంది, దాన్ని దాటేస్తే ఈ వ్యాసం సగం అబద్ధమవుతుంది. 2009లో మా బరంపురం ప్రిన్స్ డాన్స్ గ్రూపు ఒక జాతీయ టీవీ ప్రతిభా పోటీ మొదటి సీజన్‌లో గెలిచింది. ఒళ్ళంతా వెండిరంగు పూసుకుని, ఒకరి మీద ఒకరు ఎక్కి దేవతామూర్తుల్లా నిలబడిన కుర్రాళ్ళు. నడిపింది కృష్ణమోహన్ రెడ్డి. బృందంలో చాలామంది పగలు కూలిపని చేసుకునేవాళ్ళు, అంగవైకల్యం ఉన్నవాళ్ళూ ఉన్నారు. ఊరు ఊరంతా పొంగిపోయింది. మరుసటి వారం నుంచీ ఆ గెలుపు ప్రతి ఇంట్లో కర్ర అయింది. “కూలోళ్ళే అంత చేశారు, నీకేం లోటు చేశాం?” మా తమ్ముడికి ఆ మాట ఎన్నిసార్లు పడిందో లెక్కలేదు. వాడి ట్యూషన్ మాస్టారొకాయన మార్కులు తగ్గినప్పుడల్లా వాళ్ళ పేరే ఎత్తేవాడు. ఇప్పటికీ టీవీలో వెండిరంగు కనబడితే వాడు ఛానల్ మార్చేస్తాడు. పాపం, ఆ కుర్రాళ్ళు వాడికేం చేశారు?

“వాళ్ళని చూసి నేర్చుకో” అన్న మాటలో ‘చూడు’ ఉండాల్సిన చోట ‘నువ్వు తక్కువ’ అనే అర్థం చొరబడుతుంది. అప్పుడు పిల్లవాడు ఎదుటివాళ్ళ పని చూడడు, తన లోటు చూసుకుంటాడు. పైగా కూలీ చేసుకునేవాళ్ళు రాత్రి ప్రాక్టీసు చెయ్యాల్సి రావడం మెచ్చుకోవలసిన విషయమా, సిగ్గుపడవలసిన విషయమా అన్న ప్రశ్న ఎవరూ అడగరు. అంత కష్టపడ్డా టీవీ దాకా రాని బృందాల పేర్లు మనకి తెలియవు. గెలిచినవాడిదైతే పట్టుదల అంటాం, ఓడినవాడిదైతే మొండితనం అంటాం. పని అదే.

మరి పిన్ని కూడా నన్ను దెప్పిందే కదా? అక్కడే మూడో చిక్కు, అసూయ. ఎదుటివాడు పచ్చగా ఉంటే కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం మనకి తెలుసు. కానీ అన్ని మంటలూ ఒకటి కావు. డచ్చి భాషలో అసూయకి రెండు వేరువేరు మాటలున్నాయి, ఒకటి ఎదుటివాణ్ణి కిందికి లాగాలనిపించేది, ఇంకొకటి తానూ పైకి పోవాలనిపించేది. నెదర్లాండ్స్‌లో నీల్స్ వాన్ డె వెన్, ఆయన సహచరులు 2009లో ఈ రెండింటినీ విడదీసి పరిశీలించారు. ఎదుటివాళ్ళకి దక్కింది న్యాయంగానే దక్కిందనిపిస్తే రెండో రకం, అన్యాయంగా అనిపిస్తే మొదటి రకం వైపు మనసు పోతుందని తేల్చారు. 2011లో ఇంకో మాట కూడా చెప్పారు, మనం వినడానికి ఇష్టపడనిది: శుద్ధమైన మెచ్చుకోలు కన్నా ఆ రెండో రకం మంటే మనుషుల చేత ఎక్కువ పని చేయిస్తుంది. మెచ్చుకోవడం హాయిగా ఉంటుంది, హాయిగా ఉన్నవాడు లేవడు.

నా సంగతి అచ్చంగా అదే. పిన్ని పడుతున్న పాటు నా కళ్ళముందే ఉంది. ఆవిడకి ఒక్కో అక్షరం ఎంత న్యాయంగా వస్తోందో నాకు తెలుసు. దెప్పిన మనిషి నాకన్నా పైన కూర్చుని దెప్పలేదు, తానూ తప్పు చదువుతూ దెప్పింది. మా తమ్ముణ్ణి దెప్పిన మాస్టారు ఏ డాన్సూ నేర్చుకోవడం లేదు.

ఆ మంటకి ఆయువు తక్కువ, ఇది మాత్రం నా అనుభవమే, ఏ ప్రొఫెసరూ చెప్పలేదు. వారం దాటితే చల్లారిపోతుంది. అందుకని కొట్టు లెక్కల పుస్తకం చివరి పేజీలో, ఆ వారం ఎవరి పని దగ్గర నిలబడి చూశానో ఒక ముక్క రాసుకుంటాను. పక్కన, దాని వల్ల నా చేత్తో నేను చేసింది. ఎడమ వైపు వరస ఎప్పుడూ పొడుగ్గా ఉంటుంది. కుడి వైపు ఖాళీలు చాలా ఉన్నాయి. గోపాల్‌పూర్ ఒడ్డున మన తెలుగు వాడబలిజ ముసలాయన ఒకడు వల చిల్లులు కాలి బొటనవేలికి తగిలించి అల్లుతుంటే గంట సేపు చూశాను, పక్కన ఏమీ రాయలేదు. ఇంకా.

పోయిన నెల పిన్ని పుట్టింటికి వెళ్తుంటే పాత బస్టాండు దాకా సంచీ మోశాను. ప్రైవేటు బస్సు, బోర్డు ఒడియాలో. నేను చదివి చెప్పబోతే చెయ్యడ్డం పెట్టింది. కళ్ళజోడు సర్దుకుని బస్సు ముందర నిలబడింది. ఒక్క బోర్డు మీద ‘స’, ‘మ’ రెండూ ఉన్నాయి. “మో... కాదు, ఉండు... సో... మ...” కండక్టరు ఈల వేశాడు. డ్రైవరు హారన్ కొట్టాడు. పిన్ని కదల్లేదు. “పే... ట,” అని పూర్తి చేసి, అప్పుడు సంచీ అందుకుని ఎక్కింది.